నూనె పోయినా బలం పోని పిండి

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క చేయండి. ఒక కిలో వేరుసెనగ పప్పు తీసుకున్నాం. అందులో సుమారు 480 గ్రాముల నూనె, 260 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. నూనెనంతా తీసివేశాం. మిగిలిన పిండి బరువెంత? ఆ పిండిలో మాంసకృత్తులు నూటికి ఎన్ని పాళ్లు?

జవాబు కష్టమేమీ కాదు. 1000 లో 480 పోతే మిగిలేది 520. మాంసకృత్తులు నూనెలో కరగవు. కాబట్టి ఆ 260 గ్రాములూ పిండిలోనే ఉండిపోతాయి. 520 లో 260 అంటే సరిగ్గా సగం! పప్పుగా ఉన్నప్పుడు నూటికి 26 పాళ్లున్న మాంసకృత్తులు పిండి అయ్యేసరికి నూటికి 50 పాళ్లయ్యాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. 40 మంది ఉన్న తరగతిలో 10 మంది బాలికలు ఉంటే, వారి వంతు నూటికి 25. బాలురలో 20 మంది ఆటలకు వెళ్లిపోయారనుకోండి. బాలికల వంతు నూటికి 50 అవుతుంది. కొత్తగా ఒక్క అమ్మాయి కూడా రాలేదు కదా! పిండి సంగతీ అంతే.

ఇలా చాలావరకు నూనె తీసివేసిన వేరుసెనగ పొడినే ఈ మధ్య పట్టణాలలో "పీనట్ బటర్ పౌడర్" అనే పేరుతో డబ్బాలలో అమ్ముతున్నారు. పేరు కొత్తదే కాని సరుకు మనకు కొత్తది కాదు. తెలంగాణలో పల్లీలన్నా, రాయలసీమలో చెనిక్కాయలు, బుడ్డలు అన్నా అన్నీ వేరుసెనగలే. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క పువ్వు నేలపైన పూస్తుంది. కాయ మాత్రం నేలలో కాస్తుంది. ఆకారం చూసి దీన్ని బాదం, జీడిపప్పుల జాతిలో చేర్చకండి. ఇది కంది, పెసరల కుటుంబానికి చెందినది.

మూడు రకాల పొడులు

అన్ని పొడులూ ఒకటి కావు. మొదటిది మన ఇళ్లలో వేయించి, పొట్టు తీసి, రోటిలోనో మిక్సీలోనో కొట్టే పొడి. ఇందులో నూనె అంతా ఉంటుంది. అందుకే మిక్సీని ఆపకుండా తిప్పితే పొడి కాస్తా ముద్ద అయిపోతుంది. తిరిగే బ్లేళ్ల వేడికి, ఒరిపిడికి కణాలు చిట్లి నూనె బయటికి వస్తుంది. పొడి పొడిగా రావాలంటే ఆగి ఆగి తిప్పాలి.

రెండవది వేయించిన పప్పును గట్టిగా నొక్కి, చాలావరకు నూనె పిండివేసి, మిగిలిన దాన్ని మెత్తగా విసిరిన పొడి. డబ్బాలలో వచ్చేది సాధారణంగా ఇదే. ఇందులో కొంత నూనె ఇంకా మిగిలే ఉంటుంది.

మూడవ రకంలో హెక్సేన్ అనే ద్రావణిని ఉపయోగిస్తారు. నూనె దానిలో కరిగిపోతుంది. తర్వాత హెక్సేన్‌ను ఆవిరి చేసి తొలగిస్తారు. మిగిలిన పిండిలో నూనె నూటికి ఒక పాలు కూడా ఉండదు.

100 గ్రాముల పప్పు తింటే మన శరీరానికి సుమారు 570 కేలరీల శక్తి లభిస్తుంది. నూనె పూర్తిగా తీసిన పిండి 100 గ్రాములు తింటే సుమారు 330 కేలరీలే. కారణం మీకు తెలిసినదే. ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తే, మాంసకృత్తులుగాని పిండిపదార్థాలుగాని గ్రాముకు 4 మాత్రమే ఇస్తాయి.

వంటింట్లో ఎలా వాడాలి?

నూనె తక్కువైన పొడి స్వభావం వేరు. ఇంటి పొడిలో ప్రతి రేణువునూ నూనె పొర అంటి ఉంటుంది. నీళ్లు దాన్ని త్వరగా తడపలేవు. నూనె తీసిన పొడి నీటిని బాగా పీల్చుకుని ఉబ్బుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే దాన్ని ఏ వంటలో ఎలా వాడాలో మీకే తోస్తుంది.

పులుసులు, కూరలు: వంకాయ కూర, బెండకాయ పులుసు చిక్కబడాలంటే రెండు చెంచాల పొడి చాలు. కాని మరుగుతున్న పులుసులో పొడిని నేరుగా చల్లకూడదు. రేణువుల పైభాగం వెంటనే ఉబ్బి ముద్ద కడుతుంది, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, దించే ముందు పోసి, రెండు పొంగులు రానివ్వాలి.

వేపుడు కూరలు: ఇక్కడ నీరు ఉండదు కాబట్టి పొడిని చివరలోనే చల్లాలి. ముందే వేస్తే అడుగంటి చేదెక్కుతుంది. వేయించిన పప్పుకు ఆ కమ్మని వాసన ఎక్కడిదో తెలుసా? వేడికి ఎమైనో ఆమ్లాలు చక్కెరలతో చర్య జరిపి అనేక సువాసన పదార్థాలు ఏర్పడతాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దీనికి పెట్టారు. చర్య మితిమీరితే వచ్చేదే మాడు వాసన.

చట్నీ: ఇడ్లీలోకి చేసే చట్నీలో సగం పప్పు, సగం నూనె తీసిన పొడి వేయవచ్చు. మొత్తం పొడితోనే చేస్తే రుచి చప్పబడుతుంది. వాసననిచ్చే పదార్థాలలో చాలా భాగం నూనెలోనే కరిగి ఉంటాయి. నూనెతోపాటు అవీ పోతాయి. అందుకే పైన పెట్టే పోపును మాత్రం మానకండి.

చపాతీలు: 90 గ్రాముల గోధుమపిండికి 10 గ్రాముల నూనె తీసిన పొడి కలపండి. గోధుమపిండిలో మాంసకృత్తులు నూటికి సుమారు 12 పాళ్లు. అంటే 90 గ్రాములలో 10.8 గ్రాములు. 10 గ్రాముల పొడిలో మరో 5 గ్రాములు. మొత్తం 15.8. పొడి మరీ ఎక్కువైతే చపాతీ అంచులు పగులుతాయి. పిండికి సాగే గుణమిచ్చేది గోధుమలోని గ్లూటెన్. అది వేరుసెనగలో లేదు. పొడి నీటిని పీలుస్తుంది కాబట్టి నీళ్లు కాస్త ఎక్కువ పోయడం మరచిపోకండి.

రాగిజావ: జావ ఉడికి దించాక ఒక చెంచా పొడిని చల్లని మజ్జిగలో కలిపి పోయండి. రాయలసీమలో రాగిసంగటికి వేరుసెనగ చట్నీ జత చేయడం వెనుక ఎంతో అనుభవం ఉంది. రాగిలో సున్నం పుష్కలం, మాంసకృత్తులు తక్కువ. ఆ లోటును వేరుసెనగ తీరుస్తుంది.

ఉండలు: ఇంటి పొడిలో బెల్లం కోరు వేసి దంచితే నూనె ఊరి ఉండలు ఇట్టే వస్తాయి. నూనె తీసిన పొడితో అలా రావు, చేతిలోనే రాలిపోతాయి. బెల్లం పాకం పట్టి కలపాలి, లేదా కాస్త నెయ్యి వేయాలి.

జత కుదిరితేనే బలం

10 గ్రాముల పొడిలో 5 గ్రాముల మాంసకృత్తులు ఉంటే, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. అయితే రెండూ సమానమేనా? కాదు. మాంసకృత్తులు ఎమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడలవంటివి. శరీరం తనంతట తయారు చేసుకోలేని కొన్ని ఇటుకలు ఆహారం నుంచే రావాలి. గుడ్డులో అవన్నీ తగుపాళ్లలో ఉన్నాయి. వేరుసెనగలో లైసిన్ అనే ఇటుక తక్కువ. సెనగపప్పులో లైసిన్ సమృద్ధిగా ఉంది.

మైసూరులో 1950లో ప్రారంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ సంగతినే ఉపయోగించుకున్నారు. 75 పాళ్లు నూనె తీసిన వేరుసెనగ పిండి, 25 పాళ్లు సెనగపిండి కలిపి, విటమిన్లు, సున్నం చేర్చి "ఇండియన్ మల్టీపర్పస్ ఫుడ్" అనే పొడిని తయారుచేశారు. పాలు, గుడ్లు కొనలేని కుటుంబాల పిల్లలకు చవకగా మాంసకృత్తులు అందించాలన్నదే వారి ఆశయం. ఇంట్లో మీరు కూడా పల్లీల పొడిలో పుట్నాల పప్పు కలిపి కొట్టవచ్చు. పుట్నాలూ సెనగలే కదా!

అమెరికాలో జార్జి వాషింగ్టన్ కార్వర్ అనే శాస్త్రవేత్త ఇంకా ముందే ఈ దారిలో నడిచాడు. బానిస కుటుంబంలో పుట్టి, టస్కిగీ విద్యాసంస్థలో వ్యవసాయశాస్త్రం బోధించిన ఆయన, ఏటేటా ప్రత్తి వేసి సారం కోల్పోయిన పొలాలలో వేరుసెనగ వేయమని రైతులకు చెప్పాడు. వేరుసెనగ వేళ్ల బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. కాని పండిన కాయలను ఏం చేసుకోవాలి? దానికి జవాబుగా 1916లో 105 వంటకాలతో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. వేరుసెనగ వెన్నను కనిపెట్టినది కార్వరే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కెనడాకు చెందిన ఎడ్సన్ 1884లోనే వేరుసెనగ ముద్దకు పేటెంటు పొందాడు.

పొడి కొట్టక ముందే చూడండి!

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. దీన్ని శ్రద్ధగా చదవండి, ఇంట్లో అందరికీ చెప్పండి.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. శాస్త్రజ్ఞులు కూపీ లాగితే కారణం వాటి దాణాలో దొరికింది. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుసెనగ చెక్కపొడి అది. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి ఒక విషాన్ని తయారుచేసింది. ఆ బూజు పేరు మీదనే విషానికి "అఫ్లటాక్సిన్" అని పేరు పెట్టారు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చాలాకాలం కొద్దికొద్దిగా ఒంట్లో చేరినా కాలేయ కాన్సరుకు దారితీయవచ్చు.

వేయిస్తే విషం పోదా అని మీరడగవచ్చు. బూజు చస్తుంది కాని విషం పూర్తిగా పోదు. మామూలు వంట వేడిని అది తట్టుకుంటుంది. నూనె తీసేటప్పుడు కూడా అది ఎక్కువ భాగం నూనెలోకి పోక చెక్కలోనే నిలిచిపోతుంది. నూనె మిల్లుల దగ్గర బస్తాలలో దొరికే చెక్క పశువుల దాణా కోసం తయారైనది. అది చవక కదా అని దంచి వంటలో వాడకూడదు. మనుషులు తినే పిండిని ఏరిన గింజలతో, శుభ్రమైన యంత్రాలలో, పరీక్షలు జరిపి తయారుచేయాలి. మన పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు అఫ్లటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షను రూపొందించారు.

ఇంట్లో ఆ పరీక్ష చేయలేం. అయినా మన చేతిలో ఒక ఆయుధం ఉంది. అది ఏరడం. గింజ గింజగా ఉన్నప్పుడే ముడతలు పడ్డవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, బూజు పట్టినవి తీసి పారవేయాలి. పొడి కొట్టాక మంచీ చెడూ కలిసిపోతాయి. అప్పుడు ఎవరూ వేరు చేయలేరు. తినేటప్పుడు ఒక పల్లీ చేదుగా తగిలితే మింగక ఉమ్మివేయండి. ఏరిన పప్పు కూడా బాగా ఎండి ఉండాలి. బూజుకు తేమే ప్రాణం. పొడిని తడి చెంచాతో తీయకండి. ఒక వారానికి సరిపడా మాత్రమే కొట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. నూనె ఉన్న పొడి గాలిలోని ఆక్సిజన్ తగిలి పాత నూనె వాసన పట్టేస్తుంది.

అందరికీ ఒకే పొడి కాదు

నూనె తీసినది గొప్పది, తీయనిది తక్కువది అనుకోకండి. ఎదిగే పిల్లలకు శక్తి కూడా కావాలి. బక్కగా ఉన్న పిల్లవాడికి నిండు పల్లీ, బెల్లం ఉండే మేలు. బరువు తగ్గాలని వైద్యుడు చెప్పిన పెద్దలకు నూనె తక్కువైన పొడి ఉపయోగపడుతుంది. డబ్బా కొంటే దాని మీద అచ్చువేసిన పట్టిక తప్పక చదవండి. కొన్నిటిలో చక్కెర, ఉప్పు కలుపుతారు.

కొందరికి వేరుసెనగ అసలు పడదు. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తాయి. ఇది ప్రాణాపాయం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అల్లరికి కూడా అలాంటి స్నేహితునికి తెలియకుండా ఈ పొడి పెట్టకండి.

చేసి చూడండి

ఒక పల్లీని తెల్ల కాగితంపై నలిపి, కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నూనె మరక వెలుగును లోనికి పంపుతుంది. ఇప్పుడు నూనె తీసిన పొడితో అదే చేయండి. తర్వాత రెండు గ్లాసులలో గోరువెచ్చని నీరు పోసి, ఒకదానిలో ఇంటి పొడి, మరొకదానిలో నూనె తీసిన పొడి ఒక్కొక్క చెంచా కలపండి. పావుగంట కదపకుండా ఉంచి, పైన ఏం తేలిందో, అడుగున ఏది ఎక్కువ ఉబ్బిందో నోటుపుస్తకంలో రాసుకోండి.

డబ్బా దొరకకపోతే చింత లేదు. ఇంటి పొడిని శుభ్రమైన నూలుగుడ్డలో మూటగట్టి, బరువైన రాయి కింద ఒక రాత్రి ఉంచండి. నూనె గుడ్డలోకి ఎంత దిగిందో చూడండి. మూట విప్పి పొడిని తూచండి. బరువు ఎన్ని గ్రాములు తగ్గిందో తెలిస్తే, మొదట వేసిన లెక్కను ఈసారి మీ సొంత అంకెలతో వేయవచ్చు. మరి మీ పొడిలో మాంసకృత్తులు నూటికి ఎన్ని పాళ్లయ్యాయి?