రొట్టెకు బదులు మొలకలు

నంద్యాల జిల్లాలోని కొలిమిగుండ్ల ప్రాంతమువారికి జొన్నరొట్టె చిరపరిచితము. జొన్నపిండిని వేడినీటితో పిసికి, చేతితో తట్టి, పెనముపై కాల్చుదురు. ఆ వేడికి పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చి, ఉబ్బి, మెత్తబడును. కనుకనే రొట్టె సులభముగా జీర్ణమగును.

మరి నిప్పు తగులని ఆహారమునే కోరువారికి రొట్టె లేని లోటు తీరుట ఎట్లు? 1929లో రాజమండ్రి ప్రకృతి వైద్యుడు సుందరం గోపాలరావుగారి ప్రోత్సాహముతో గాంధీజీ ఇట్టి ప్రయోగమొకటి చేసిరి. మొలకెత్తిన గోధుమలను దినమునకు 8 తులముల చొప్పున భుజించిరి. జిగట విరేచనములు కలుగగా ఆగస్టులో దానిని విరమించిరి.

గింజ మొలకెత్తునపుడు అందలి ఎంజైములు పిండిపదార్థమును కొంతవరకు చక్కెరగా మార్చును. అందుచే గోధుమ మొలకలు తియ్యగా నుండును. వానిని నూరి, పలుచగా తట్టి, ఎండలో ఆరబెట్టినచో రొట్టెవలె నమలుటకు వీలగును. అయితే తడి మొలకలలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగును, శుభ్రత ముఖ్యము.

జొన్నకు మాత్రము ఈ పద్ధతి తగదు. జొన్న మొలకలలో ధురిన్ అను పదార్థము ఏర్పడును. మొలక నలిగినపుడు దానినుండి హైడ్రోజన్ సయనైడు అను విషము వెలువడును. లేత జొన్నపైరు మేసిన పశువులు ఒక్కొక్కప్పుడు చనిపోవుటకు కారణమిదియే. కావున జొన్నలను మొలకెత్తింపక, వండియే తినవలెను. పచ్చివి కోరువారికి పెసలు, గోధుమలు మేలు.