బడి మానడం వేరు, పేరు తీయించడం వేరు

ఇంటిచదువును, అంటే తల్లిదండ్రులే బాధ్యత వహించి పిల్లలకు ఇంటిపట్టున చదువు చెప్పుకునే హోమ్‌స్కూలింగ్ పద్ధతిని, అమెరికాలోని 50 రాష్ట్రాలూ చట్టబద్ధంగానే అంగీకరిస్తున్నాయి. అయితే విద్య రాష్ట్రాల పరిధిలోని అంశం కావడం వల్ల దేశమంతటికీ వర్తించే ఒకే చట్టమంటూ లేదు. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలంటూ ఆరెగాన్ రాష్ట్రం చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1925లో పియర్స్ కేసులో కొట్టివేసి, బిడ్డల చదువును నడిపించే హక్కు తల్లిదండ్రులదేనని చెప్పింది. బడులను సహేతుకంగా నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని కూడా అదే తీర్పులో పేర్కొంది. ఒక్కో రాష్ట్రం ఆ అధికారాన్ని ఒక్కో తీరుగా వాడుకోవడం వల్లనే, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్నంతకాలం నిశ్చింతగా సాగిన పద్ధతి ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా శివార్లకు మారగానే చెల్లకుండా పోతుంది.

టెక్సాస్‌లో ఇంటిబడి ప్రైవేటు బడితో సమానం. 1981లో రాష్ట్ర విద్యాశాఖ దీనిని ఒప్పుకోకపోవడంతో తల్లిదండ్రులపై కేసులు నడిచాయి. చివరకు 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచి, చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, సత్పౌరసత్వం అనే ఐదు విషయాలను పుస్తకం వంటి కంటికి కనిపించే పాఠ్యసామగ్రితో, చిత్తశుద్ధితో బోధిస్తే చాలునని తేల్చింది. అక్కడ ఏటా దరఖాస్తు పెట్టుకోవడం గానీ, పరీక్ష రాయించడం గానీ లేదు. న్యూజెర్సీ చట్టం బడికి సమానమైన బోధన మరోచోట జరిగితే చాలునంటుంది. ఆ సమానత చదువుకు సంబంధించినదే తప్ప తోటి పిల్లల సాంగత్యానికి సంబంధించినది కాదని 1967 నాటి మాసా కేసు వివరించింది. జార్జియాలో తల్లిదండ్రులకు హైస్కూలు చదువు పూర్తయి ఉండాలి, ఇంటిచదువు మొదలుపెట్టిన 30 రోజుల్లోగానూ, ఆపైన ఏటా సెప్టెంబరు 1 లోగానూ ఉద్దేశ ప్రకటన పంపాలి. పెన్సిల్వేనియా వీటన్నిటికంటే కఠినం. చదువు మొదలుపెట్టక ముందే ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్, దాఖలు చేసి, తర్వాత ఏటా ఆగస్టు 1 లోగా మళ్లీ ఇవ్వాలి. 180 రోజుల బోధన, చదివిన పుస్తకాల పేర్లను ఎప్పటికప్పుడు రాసుకున్న దినచర్య, 3, 5, 8 తరగతుల్లో ప్రామాణిక పరీక్ష, జూన్ 30 లోగా అర్హుడైన మదింపుదారు ధ్రువపత్రం, ఇవన్నీ ఉండాలి. అగ్నిప్రమాదాల నివారణను క్రమం తప్పకుండా బోధించాలన్న నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉంది.

ప్రభుత్వ ఆన్‌లైన్ బడిలో చేరి ఇంట్లో కూర్చుని చదివే పిల్లలు చట్టం దృష్టిలో ఇంటిచదువు పిల్లలు కారు; వారు ప్రభుత్వ బడి విద్యార్థులే, వారికి ఆ బడి హాజరు నియమాలే వర్తిస్తాయి.

ఇంతవరకూ చెప్పినవి కాస్త ఓపిక ఉంటే ఎవరికైనా రాష్ట్ర విద్యాశాఖ ప్రచురణల్లో దొరికే వివరాలు. చదువుకున్న కుటుంబాలు సైతం దెబ్బతింటున్నది బోధన దగ్గర కాదు, పాత బడి నుంచి బయటికి వచ్చే గుమ్మం దగ్గర. ఆంధ్ర, తెలంగాణల్లో బడి మారేటప్పుడు టి.సి. తీసుకోవడం అలవాటు, కొత్త బడిలో అది అడుగుతారు కనుక తీసుకుంటారు, కొత్త బడి లేనప్పుడు దాని ఊసే ఎత్తరు. ఆ అలవాటుతోనే, పిల్లవాడిని ఇకమీదట ఇంట్లోనే చదివించాలనుకున్న తల్లిదండ్రులు టీచరుకు నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు. కానీ రాతపూర్వకంగా పేరు తీయించనంతవరకూ ఆ బిడ్డ బడి రిజిస్టరులోనే ఉంటాడు, బడికి వెళ్లని ప్రతిరోజూ అనుమతి లేని గైర్హాజరుగా నమోదవుతుంది. దీనినే ట్రూయన్సీ అంటారు.

డాలస్ పరిసరాల్లోని ఒక తెలుగు కుటుంబానికి ఎదురైన అనుభవం ఈ ప్రమాదాన్ని స్పష్టం చేస్తుంది. సంక్రాంతికి, తాతగారి సంవత్సరీకానికి కలిపి ఐదు వారాలు ఊరికి వెళ్లి, అప్పటినుంచే ఇంటిచదువు మొదలుపెట్టాలని వారు నిశ్చయించుకుని, బయలుదేరే ముందు బడికి ఒక ఈమెయిలు పంపారు. అందులో "కుటుంబ కార్యక్రమం కోసం ఇండియా వెళుతున్నాము, దయచేసి సెలవు మంజూరు చేయగలరు" అని ఉందే తప్ప, ఇంటిచదువు అన్న మాట లేదు, పేరు తీసివేయమన్న కోరిక లేదు. అది సెలవు చీటీ అయింది, ఆ సెలవు మంజూరు కాలేదు. టెక్సాస్‌లో నాలుగు వారాల్లో 3 రోజులు అనుమతి లేకుండా రాకపోతే బడి తల్లిదండ్రులకు హెచ్చరిక పంపుతుంది. ఒకే విద్యా సంవత్సరంలో, ఆరు నెలల వ్యవధిలో అవి 10 రోజులకు చేరితే తల్లిదండ్రులపై కేసు పెట్టే వీలు కలుగుతుంది. కుటుంబం తిరిగివచ్చేసరికి, పక్కింటివారు తీసి దాచిన ఉత్తరాల సంచిలో సూపర్‌మార్కెట్ కరపత్రాల మధ్య ఆ హెచ్చరికలు నలిగి కనిపించాయి. పేరు తీసివేయమంటూ ఆ తర్వాత వారు ఇచ్చిన ఉత్తరం, ఇచ్చిన తేదీ నుంచే పనిచేసింది, వెనకటి గైర్హాజరు చెరిగిపోలేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పిల్లవాడు రాసిన లెక్కల నోటు పుస్తకాలు చూపించి, హాజరు అధికారిని ఒప్పించుకోవడంతో వ్యవహారం కోర్టు దాకా వెళ్లలేదు.

టెక్సాస్ 2015లో పిల్లల ట్రూయన్సీని నేరాల జాబితా నుంచి తప్పించినా, తల్లిదండ్రుల నిర్లక్ష్యం మాత్రం జరిమానా విధించదగిన చిన్న నేరంగానే మిగిలి ఉంది. పెన్సిల్వేనియాలో 6 అనుమతి లేని గైర్హాజరులకే అలవాటుగా బడి ఎగ్గొట్టడంగా పరిగణిస్తారు. పౌరసత్వ దరఖాస్తులో అరెస్టుల గురించే కాక సైటేషన్లు, అభియోగాల గురించి కూడా ప్రశ్నలుంటాయి కనుక, వలస వచ్చిన కుటుంబానికి ఇది జరిమానాతో తీరిపోయే విషయం కాదు. అటువంటి కాగితం ఏదైనా చేతికి వస్తే ముందుగా ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి.

దీనికి విరుగుడు ఒక్క పేజీ ఉత్తరం. పిల్లవాడి పూర్తి పేరు, పుట్టినతేదీ, తరగతి, ఏ తేదీ నుంచి ఇంటిచదువు మొదలవుతుందో, ఆ తేదీ నుంచి రిజిస్టరులో పేరు తీసివేయమన్న కోరిక, తల్లి లేదా తండ్రి సంతకం అందులో ఉండాలి. టెక్సాస్‌లో అయితే పైన చెప్పిన ఐదు విషయాలనూ బోధిస్తున్నామన్న ఒక వాక్యం చేర్చాలి. దానిని రసీదు వచ్చే సర్టిఫైడ్ మెయిలులో పంపి, నకలును ఈమెయిలు చేయాలి. పెన్సిల్వేనియా వంటి చోట ఉత్తరం చాలదు, అఫిడవిట్ ముందు చేరాలి. ఏ ప్రకటనా అడగని న్యూజెర్సీలో కూడా, బడిలో చేరి ఉన్న బిడ్డకు ఈ ఉత్తరం ఇవ్వడమే క్షేమం.

ఇంత శ్రమ దేనికని అడిగేవారికి 2000లో జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన భారత సంతతి బాలుడు జార్జ్ అబ్రహాం తంపి ఇంటిచదువు విద్యార్థేనని గుర్తుచేయవచ్చు. తెలుగు కుటుంబాలకు మరో గొప్ప అవకాశం కూడా ఇందులో ఉంది. పెన్సిల్వేనియా చట్టం సంగీతాన్ని తప్పనిసరి చేసింది గానీ ఏ సంగీతమో చెప్పలేదు. అన్నమయ్య కీర్తన నేర్చుకున్న రోజును దినచర్యలో సంగీత పాఠంగానే రాసుకోవచ్చు. హైస్కూలు స్థాయిలో అన్యభాషకు చోటుంది కనుక, సిలికానాంధ్ర మనబడిలోనో తానా పాఠశాలలోనో చదివే తెలుగు వారాంతపు వ్యాపకంగా మిగిలిపోకుండా చదువులో భాగమవుతుంది. కాలిఫోర్నియాలో ప్రైవేటు బడిగా నడిపే ఇంటిచదువు మాత్రం ఆంగ్ల మాధ్యమంలో సాగాలని చట్టం చెబుతున్నందున, అక్కడ తెలుగును ఒక పాఠ్యాంశంగా చేర్చుకోవాలే గానీ చదువంతటికీ మాధ్యమం చేయరాదు. నాయనమ్మ చేత గుణింతాలు దిద్దించుకుంటూ పెరిగే భాగ్యం ఈ దేశంలో అందరు పిల్లలకూ దక్కదు. దక్కిన ఇళ్లలో దానిని దినచర్యలో రాసి ఉంచుకోవాలి.

వచ్చే సంక్రాంతికి ఊరి ప్రయాణం పెట్టుకుని, పిల్లల ఇంటిచదువును కూడా అప్పుడే మొదలుపెట్టాలనుకునే తల్లిదండ్రులు, విమానం టికెట్ల కంటే ముందు బడికి ఆ ఒక్క పేజీ ఉత్తరం పంపి, రసీదును పాస్‌పోర్టులతో పాటు భద్రపరచుకోవలసిందిగా మనవి.