పోప్ గారు కూడా మార్చలేనిది ఏంటి?

ఈసారి ప్రశ్న కుప్పం నుంచి ఒక అక్క పంపించారు. "పోప్ గారు తలుచుకుంటే నా చర్చి పెళ్లిని రద్దు చేయలేరా? ఆయన పైన ఇంకెవరున్నారు?" బాధతో అడిగిన ప్రశ్న. అందుకే సూటిగా చెప్తాను.

కథోలిక సభలో అత్యున్నత అధికారం పోప్ గారిదే. కానీ అక్కడ చట్టాలు రెండు రకాలు. ఉపవాసాలు, గురువుల బ్రహ్మచర్యం లాంటివి సభ పెట్టుకున్నవి. వాటిని ఆయన మార్చొచ్చు, మినహాయింపు ఇవ్వొచ్చు. రెండోది దేవుడే పెట్టాడని సభ నమ్మే చట్టం. దానికి పోప్ గారు కాపలాదారే గానీ యజమాని కాదు. మా ఆఫీసు భాషలో, అడ్మిన్ యాక్సెస్ ఉన్నా ఈ ఫైలు రీడ్ ఓన్లీ.

దీనికి ఉదాహరణ మన పుంగనూరులోనే ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ గురువులు ఇక్కడ పనిచేశారు. అప్పట్లో జ్ఞానస్నానమప్పుడు గురువు తన ఉమ్మిని వేలికద్ది చెవులకి, ముక్కుకి తాకించాలి. ఎంగిలంటే మనవాళ్లకి ఎంత పట్టింపో తెలుసు కదా! దక్షిణాదిలో జెసూట్లు దాన్ని వదిలేస్తూ వచ్చారు. అలా వదలకూడదని 1704లో పోప్ ప్రతినిధి టూర్నోన్ పుదుచ్చేరిలో ఉత్తర్వు ఇచ్చారు. ఏళ్ల తరబడి గొడవ జరిగాక రోమ్ కొంతకాలానికి మినహాయింపు ఇచ్చింది. ఎలా ఇవ్వగలిగింది? ఉమ్మి సభ పెట్టిన ఆచారం కాబట్టి. అదే నీళ్లే వద్దంటే ఏ పోప్ కూడా ఒప్పుకోలేరు. నీళ్లు క్రీస్తు పెట్టినవని సభ విశ్వాసం.

అక్కా, పెళ్లి ఆ నీళ్ల లాంటిది. ఇద్దరూ జ్ఞానస్నానం పొంది, పెళ్లి సక్రమంగా జరిగి, కాపురం చేసుంటే, ఆ బంధాన్ని మరణం తప్ప ఏదీ విప్పలేదని 1983 సభ చట్టం 1141వ నిబంధన అంటుంది. ఇది పోప్ అధికారానికి కూడా అందదని రెండో జాన్ పాల్ గారే 2000లో స్పష్టం చేశారు.

అలాగని కొట్టే మనిషి దగ్గరే పడుండమని సభ చెప్పదు. 1153వ నిబంధన ప్రకారం విడిగా ఉండొచ్చు. బలవంతంగా ఒప్పించినా, పెద్ద విషయం దాచి మోసం చేసినా, అసలు ముడే పడలేదని మేత్రాసన న్యాయస్థానం తేల్చొచ్చు. ఇది విడాకులు కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కథోలిక చర్చిలు కడప మేత్రాసనం కిందివే. ముందు మీ విచారణ గురువుతో మాట్లాడండి.

ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రభుత్వ చట్టానికి ఆ తీర్పు ఒక్కటే చాలదు, సివిల్ కోర్టుకి వేరుగా వెళ్లాలి. 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.