బారెడు పొద్దెక్కినా లేవని ఈడు

నిన్నమొన్నటిదాకా రాత్రి తొమ్మిదింటికే కునికిపాట్లు పడిన పిల్లలు, ఈడొచ్చే వయసుకి పదకొండు దాటినా పడుకోరు, బారెడు పొద్దెక్కినా లేవరు. పెద్దవాళ్లు దీనికి బద్ధకమని పేరు పెడతారు. ఆ మాట అన్యాయం. యుక్తవయసు మొదలయ్యేదే మెదడులో. హైపోథాలమస్ పంపే సంకేతంతో పిట్యూటరీ గ్రంథి హార్మోన్లను విడతలు విడతలుగా వదులుతుంది. తొలి దశలో ఈ విడుదల ముఖ్యంగా నిద్రలోనే జరుగుతుంది. వాటి ప్రేరణతో ఊరే ఈస్ట్రోజన్, టెస్టోస్టెరాన్లు తిరిగి మెదడుకే చేరి దాని తీరు మారుస్తాయి. మన నిద్రా మెలకువలను నడిపే గడియారం కూడా ఆ హైపోథాలమస్‌లోనే ఉంది. ఈడు ముదిరేకొద్దీ చీకటి పడ్డాక ఊరే మెలటోనిన్ ఆలస్యంగా మొదలవుతుంది. పైగా పగలంతా మేలుకున్నందుకు పేరుకునే నిద్రమత్తు కూడా చిన్నప్పటికంటే నెమ్మదిగా కమ్ముకుంటుంది. అలాగని నిద్ర అవసరం అంతగా తగ్గదు. ఈ వయసులో 8 నుంచి 10 గంటలు పడుకోవాలని వైద్యుల మాట.

ఇదంతా ఫోన్ల పుణ్యమేనని చాలామంది వాదన. అందులో కొంత నిజముంది: రాత్రిపూట వెలుతురు మెలటోనిన్‌ను ఇంకా వెనక్కి నెడుతుంది. కానీ అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మేరీ కార్స్‌కాడన్ బృందం, ఒకే తరగతి పిల్లల్లో ఈడు ముందుగా వచ్చినవాళ్లే రాత్రివైపు మొగ్గుతున్నారని 1993లోనే చూపించింది. అప్పటికి పిల్లల చేతుల్లో ఫోన్లు ఎక్కడివి? ఎలుకల్లోనూ, డెగూ అనే చిలీ దేశపు జంతువుల్లోనూ యవ్వన దశలో ఇలాంటి మార్పే కనబడింది. డెగూలకు ఈడు రాకముందే బీజకోశాలు తీసేస్తే ఆ మార్పు రాలేదు. హార్మోన్ల పాత్రకు నాకు కనిపించే గట్టి ఆధారం ఇదే. ఈ ఆలస్యం మనుషుల్లో ఇరవై ఏళ్ల దగ్గర పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే తగ్గుముఖం పడుతుందని 2004లో యూరప్‌లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ మలుపు అబ్బాయిలకంటే అమ్మాయిల్లో కాస్త ముందే వస్తుంది.

ఇంకో అభ్యంతరం ఉంది: పొద్దున ఆలస్యంగా లేవనిస్తే రాత్రి మరింత ఆలస్యంగా పడుకుంటారు, ఇక లాభమేముంది? సియాటిల్ నగరం దీనికి జవాబిచ్చింది. 2016లో అక్కడి హైస్కూళ్ల వేళను ఉదయం 7:50 నుంచి 8:45కి మార్చారు. చేతికి కట్టిన పరికరాలతో కొలిస్తే పిల్లల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది. దొరికిన వెసులుబాటులో ఎక్కువ భాగం నిద్రకే పోయిందన్నమాట. ఉదయం 8:30కి ముందు హైస్కూళ్లు మొదలుపెట్టొద్దని కాలిఫోర్నియా చేసిన చట్టం 2022లో అమల్లోకి వచ్చింది.

మన దగ్గర పరిస్థితి తిరగబడి ఉంది. సరిగ్గా గడియారం వెనక్కి జరిగే వయసులో, ఇంటర్ పిల్లలను చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతారు. రాత్రి చదువు అయ్యేసరికి పది దాటుతుంది. ర్యాంకు రావాలంటే కష్టపడక తప్పదంటారు. కష్టం వద్దని ఎవరూ అనరు. అయితే పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్ర కోసేసి చదివిస్తే చదువుకే నష్టం. దాంతోపాటు చిరాకు, దిగులు, మతిమరుపు పెరుగుతాయి. వాటిని మళ్లీ వయసు పొగరుగానో, చదువు మీద శ్రద్ధ లేకపోవడంగానో లెక్కగడతాం. ఒత్తిడికి నలిగిపోతున్న పిల్లల గురించి ఇన్ని ఏళ్లుగా ఇంత బాధపడుతూ కూడా, వాళ్ల టైంటేబుల్‌లో నిద్ర ఎంతో లెక్కచూడకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఫీజులు, ర్యాంకులతోపాటు హాస్టల్లో లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో, పిల్లల్ని ఎన్నింటికి లేపుతారో కూడా అడగండి. ఆ రెంటి మధ్య ఎనిమిది గంటలైనా లేకపోతే, టైంటేబుల్ మార్చమని పట్టుబట్టండి.