చక్రానికి అడ్డం

హన్మకొండ చౌరస్తా దగ్గర ఏ కాంప్లెక్స్ సెల్లార్‌లోకి దిగినా వినబడేది ఒకటే: "రానీ... రానీ... ఇంకొంచెం రానీ అన్నా... ఆగు!" వాచ్‌మన్ డిక్కీ మీద అరచేత్తో చరుస్తాడు. అదే పనిని జీతం అడగకుండా చేసేది నేలకు బిగించిన వీల్ స్టాపర్. పసుపు, నలుపు చారల రబ్బరు దిమ్మె.

దీని పూర్వీకుడు ఎద్దుల బండి చక్రం కింద పెట్టే రాయి. ఎత్తు మీద ఆగిన లారీకి క్లీనర్ దిగి ఇప్పటికీ అదే పెడతాడు. కాకపోతే ఆ రాయి బండి ఎక్కడ ఆగితే అక్కడికి వెళ్తుంది. స్టాపర్‌కు ఆ వీలు లేదు. బండి రాకముందే దాని చోటు తేలిపోవాలి. 1954లో డెట్రాయిట్ శివార్లలో తెరిచిన నార్త్‌ల్యాండ్ సెంటర్‌ లాంటి అమెరికా మాల్స్ చుట్టూ కార్ల మైదానాలు వెలిశాక, ఆ చోటు లెక్కగట్టడం డిజైనర్ల పనైంది.

లెక్క చక్రంతో మొదలవుతుంది. మన ఊళ్లో తిరిగే చిన్న కార్లకు సాధారణంగా ఉండే 185/65 ఆర్15 టైరు వ్యాసం 62 సెం.మీ. అది 10 సెం.మీ. ఎత్తున్న దిమ్మెకు తగిలేసరికి ఇరుసు దిమ్మె అంచుకు ఇంకా 23 సెం.మీ. వెనకే ఉంటుంది. ఇరుసును నెట్టి చక్రాన్ని దిమ్మె ఎక్కించాలంటే ఆ చక్రం మోసే బరువుకన్నా ఎక్కువ బలం కావాలి. పాకుతూ వచ్చే కారు టక్కున ఆగేది అందుకే. అయితే 10 సెం.మీ. పైకి లేవడానికి సరిపడే శక్తి గంటకు 5 కి.మీ. వేగంలోనే ఉంది. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కినవాణ్ని స్టాపర్ ఆపలేదు. అవతల పల్లం ఉన్నచోట దీన్ని నమ్ముకోవడం తెలివితక్కువ పని, అక్కడ గట్టి గోడ కట్టాల్సిందే. పోనీ ఎత్తు పెంచుదామా? ఖాళీ స్విఫ్ట్‌కే నేలకూ అడుగుభాగానికీ మధ్య 163 మి.మీ. సందు. నలుగురు ఎక్కి, పెళ్లి సామాను నింపితే అది ఇంకా తగ్గుతుంది.

అసలు చిక్కు కారు ముక్కుతోనే. చాలా కార్లకు ముందు ఇరుసు నుంచి బంపర్ కొన దాకా 80-90 సెం.మీ. ఉంటుంది. అందులో ఇందాకటి 23 తీసేస్తే, దిమ్మె అంచు దాటి సుమారు 60 సెం.మీ. ముక్కు పొడుచుకొస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో కారు గడి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. గోడకు 75 సెం.మీ. దూరంలో స్టాపర్ బిగిస్తే స్విఫ్ట్ ముక్కు గోడకు జానెడు దూరంలో ఆగుతుంది. 4.73 మీటర్ల ఇన్నోవా కూడా గడిలోనే ఇముడుతుంది. "ఎందుకైనా మంచిది" అని మేస్త్రీ ఆ దూరాన్ని మీటరు చేస్తే ఇన్నోవా తోక దారిలోకి వస్తుంది, ఇక సాయంత్రం దాకా హారన్లే. గోడకు బదులు ఫుట్‌పాత్ ఉండి, స్టాపర్‌ను దాని అంచునే బిగిస్తే ఆ 60 సెం.మీ. నడిచేవాళ్ల వాటాలోంచి పోతుంది. 1.8 మీటర్ల బాటలో మిగిలేది 1.2 మీటర్లే.

స్టాపర్ పొడవు సంగతి అమెరికాలో బాగా కుదిరింది. అక్కడి గడి తొమ్మిదడుగులు, కాంక్రీటు దిమ్మె ఆరడుగులు. పక్కపక్క దిమ్మెల మధ్య మనిషి నడవడానికి మూడడుగులు మిగులుతాయి. నడక భద్రతపై వాళ్ల ఏఎస్‌టీఎం ప్రమాణం కోరేదీ కనీసం అంతే. పైగా వీలైతే స్టాపర్లే లేకుండా డిజైన్ చేయమంటుంది, జనం కాళ్లకు తగిలి పడతారని. అదే ఆరడుగుల దిమ్మెను మన 2.5 మీటర్ల గడిలో వేస్తే సందు 70 సెం.మీ. కూడా ఉండదు. చేతిలో సంచులు, చంకలో బిడ్డతో అందులోంచి వెళ్లాలి. ఒక్క చక్రం తగిలినా కారు ఆగుతుంది కాబట్టి మీటరున్నర దిమ్మె చాలు. లేదా మన మార్కెట్లో దొరికే, అరమీటరు పైచిలుకు పొడవుండే రబ్బరు ముక్కలు రెండు. వీటిలో చాలావరకు పాత టైర్ల పొడిని అచ్చుపోసి చేసినవే.

2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి. వెనక్కి వచ్చి పెట్టేవాళ్లకు ఆ కూత ఉంది. నేరుగా ముక్కు దూర్చేవాళ్లకు చాలా కార్లలో అదీ లేదు కాబట్టి, గోడ వైపున్న గడుల్లో స్టాపర్ పెట్టడమే మేలు. సెల్లార్‌లో మెట్లకూ లిఫ్టుకూ వెళ్లే దారిలో మాత్రం ఒక్కటి కూడా వద్దు.