శిశువుల ధారణయు వాక్కును

అవధాని సభాంతమున తన పద్యములను పొల్లుపోకుండ ధారణ చేసినప్పుడు సభాసదులు కరతాళధ్వనులు సల్పుదురు. మన యిండ్లలో మూడేండ్ల శిశువు ప్రతిదినమును ఇట్టి యవధానమునే చిన్న పరిమాణమున చేయుచున్నాడు. వానికి కరతాళములు లేవు. మాట తప్పినచో ఇంట పరిహాసము, బడిలో మందలింపు మాత్రము కలవు. ఇది న్యాయమా యని విచారింపవలసి యున్నది.

క్రొత్తమాట చెవిని బడిన క్షణమున శిశువు అందలి వర్ణములను వరుస తప్పకుండ నిలుపుకొని, పిదప నోట పలుకవలెను. ఈ తాత్కాలిక ధారణ యొక్క స్వరూపమును ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞులగు బాడ్లీ, హిచ్ అనువారు 1974లో వివరించిరి. లోలోపల వల్లె వేయనిచో ధ్వనిజాడ సుమారు 2 సెకండ్లలో మాసిపోవునని బాడ్లీ పరిశోధనలు తెల్పుచున్నవి. పెద్దవారు సుమారు 7 అంకెలు విని యప్పగింపగలరు. నాలుగేండ్ల శిశువునకు 3, 4 అంకెలే భారము. పాత్ర చిన్నది గనుక పోయునదియు కొలదిగనే యుండవలెను. బువ్వ, తాత, పాప, జోజో యని రెండక్షరముల మాటలతో బిడ్డను పలుకరించిన మన ముత్తవ్వలు ఈ మర్మము నెఱుగనివారు కారు.

అయినను పలుకునందలి ప్రతి దోషమును ధారణాలోపము కాదు. "రాముడు" అనుటకు "లాముడు" అను బిడ్డను మనము "లాముడా?" యని వెక్కిరించినచో, కాదు కాదని తరచుగా వాడే కోపించును. చెవియు మనసును సరిగనే పట్టినవి. జిహ్వ యింకను కుదురుకొనలేదు. రకారము ఆలస్యముగ వచ్చుట సహజము. బెత్తము దానిని త్వరపెట్టజాలదు.

చెవి మాత్రము మిక్కిలి ముందుగనే సిద్ధమగును. ఆంగ్లము మాట్లాడు గృహములందలి 6 మొదలు 8 నెలల శిశువులు హిందీ తకార టకారముల భేదమును గుర్తించిరనియు, 10 మొదలు 12 నెలల వారిలో ఆ శక్తి మిక్కిలి క్షీణించెననియు కెనడా పండితులు వెర్కర్, టీస్ అనువారు 1984లో ప్రకటించిరి. అనగా ఏడాది నిండునప్పటికే చెవి ఇంటిభాషకు అలవడుచున్నది.

గాదర్‌కోల్, బాడ్లీలు 1989లో ప్రకటించిన పరిశోధనయందు, అర్థము లేని క్రొత్త పదమును విని చక్కగ తిరిగి పలుకగల నాలుగేండ్ల బిడ్డలకు మరుసటి యేట పదసంపద యధికముగ నుండెను. 1992 నాటి పరిశోధన మఱియొక సత్యమును జూపెను: ఐదేండ్లు దాటిన పిదప ముందున్న పదసంపదయే ధారణకు ఊత యగును. ఎఱిగిన మాటలను బోలిన ధ్వనులు సులభముగ నిలుచును. కావున మాతృభాషలో కథలు, పాటలు విరివిగ వినిన బిడ్డ చెవి దున్నిన పొలము వంటిది. దున్నని నేలపై అపరిచిత భాషాపద్యములను చల్లి అప్పగింపుమనుట వ్యర్థకృషి. సాధ్యమైనచోట 5వ తరగతి వరకైనను మాతృభాషయే బోధనాభాషగ నుండవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. ఆంగ్లము వలదని కాదు. దానికిని పునాది యిదియే.

ఒక్క హెచ్చరిక. పిలిచినను తిరుగని బిడ్డను, చెవి తరచుగ కారు బిడ్డను, రెండేండ్లు నిండియు రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను "మెల్లగ వచ్చునులే" యని ఉపేక్షింపరాదు. వినికిడి లేనిచో మాటల ధారణకు ఆధారమే లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద శిశువుల వినికిడి పరీక్షకు ఉచితముగ ఏర్పాటు కలదు. తల్లిదండ్రులు సిగ్గుపడక చూపింపవలెను.

బిడ్డతో మాటలాడుటకు పైకము అక్కరలేదు. దినమునకు ఒక గడియ చాలును. ఆ గడియ నిచ్చుటకు తీరిక లేని గృహస్థు బిడ్డ తడబాటును గూర్చి ఎవరిని నిందించును?