లేని మీటను నొక్కే విద్య

ధర్మవరం పట్టుచీర పేరు వినని తెలుగు ఇల్లాలుండదు. ఆ చీర అంచున నడిచే హంసలు, కొంగున దిగే మామిడిపిందెలు మగ్గంమీదికి ఎట్లా వస్తాయో మాత్రం కొందరికే తెలుసు. మగ్గంపైన జాకార్డు పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు దండగా గుచ్చినట్లు దానికి వేలాడుతుంటాయి. ఒక్కొక్క అట్ట వచ్చి సూదుల వరసకు ఆనుకుంటుంది. చిల్లి ఉన్నచోట సూది దూరిపోతుంది. దాని కొక్కెం పడుగుపోగును పైకి లేపుతుంది. చిల్లి లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది. ఆ పోగు కిందనే ఉండిపోతుంది. ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి జోసెఫ్ మరీ జాకార్డు 1804లో ఈ ఏర్పాటును లోకానికి ఇచ్చాడు.

ఇప్పుడు అట్టలకు బదులు విద్యుదయస్కాంతాలతో సూదులను నడిపే సాధనాలు వచ్చాయి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. తన్ను నెట్టింది అట్టా, అయస్కాంతమా అన్నది సూదికి తెలియదు! నెట్టవలసినప్పుడు నెడితే చాలు, మగ్గం నేస్తూ పోతుంది. కంప్యూటరు లోకంలో ఒక పెద్ద పరీక్షావిద్య సరిగ్గా ఈ చమత్కారంమీదనే నిలిచివున్నది.

కీబోర్డుకూ కంప్యూటరుకూ నడుమ 'డ్రైవరు' అనే ప్రోగ్రాం ఉంటుంది. కారు తోలే డ్రైవరు కాదు సుమా! ఇది దుబాసీ. హిందూపురం కన్నడసీమ అంచున ఉన్న ఊరు. అక్కడి అంగట్లో చింతపండు బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగితే ఎవరూ వింతపడరు. ఒక్క భాషే వచ్చినవాడికి మాత్రం దుబాసీ కావాలి. కీబోర్డుది అంకెల భాష. సాదా యు.ఎస్.బి. కీబోర్డు ఒక్కొక్క కబురును 8 బైట్లలో పంపుతుంది. మొదటిదానిలో షిఫ్టు, కంట్రోలు మీటల సంగతి, రెండవది ఖాళీ, తక్కిన ఆరింటిలో నొక్కిన మీటల సంఖ్యలు. ఇంగ్లీషు 'ఎ' మీట సంఖ్య 4. వేలు తీయగానే ఆ 4 పోయి సున్న వస్తుంది. ఆ సున్న దారిలో తప్పిపోతే? మీట ఇంకా నొక్కే ఉన్నదనుకొని కంప్యూటరు అదే అక్షరాన్ని తెర నిండా పరుస్తుంది!

మరి ఈ దుబాసీని పరీక్షించడం ఎట్లా? లోకంలోని కీబోర్డులన్నీ కొనితెచ్చి, ఒక మనిషిని కూర్చోబెట్టి పొద్దస్తమానం నొక్కించాలా? అక్కరలేదు. తెరవెనుకనుంచి కన్నడం మాట్లాడేవాడొకడుంటే చాలు, కన్నడ వర్తకుడు రానవసరం లేదు. లినక్స్‌లో 'యూహిడ్' అనే ద్వారం ఉన్నది. డేవిడ్ హెర్మన్ రాసిన ఇది 2012లో లినక్స్ 3.6తో వచ్చింది. ఒక ప్రోగ్రాం ఆ ద్వారం దగ్గర నిలబడి, "నేను ఫలానా కీబోర్డును, నా కబుర్లు ఈ తీరున ఉంటాయి" అని చెప్పుకుంటుంది. లినక్స్ నమ్మి తగిన డ్రైవరును పిలుస్తుంది. ఇక బల్లమీద ఏమీ లేకపోయినా మీటలు మోగుతాయి! బెంజమిన్ టిస్వార్ ప్రభృతులు ఈ పద్ధతిలో రాసిన పరీక్షలు 2023లో లినక్స్ కెర్నెల్‌లోనే చేరాయి.

వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. ఒక వర్ణాన్ని తొలగించి దాని స్థానంలో కూర్చునేది ఆదేశం. ఇక్కడ కీబోర్డు స్థానంలో ప్రోగ్రాం ఆదేశమైంది, అంతే.

ఇంత ప్రయాస దేనికని అడగవచ్చు. 2014లో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే పరిశోధకులు పెన్‌డ్రైవు కూడా కీబోర్డు వేషం వేయగలదని చూపించారు. అంటే ఈ విద్య దొంగ చేతికీ అందుతుంది. 8 బైట్లని చెప్పి మూడే పంపే పరికరాన్ని, అడ్డదిడ్డంగా అబద్ధమాడే పరికరాన్ని డ్రైవరు గుడ్డిగా నమ్మితే యంత్రమే పరుల వశమవుతుంది. 2017లో గూగుల్ ఉద్యోగి ఆండ్రే కొనొవాలొవ్ ఇటువంటి బూటకపు యు.ఎస్.బి. పరికరాలను సృష్టించి, లినక్స్ డ్రైవర్లను గిల్లి చూశాడు. ఆ నవంబరులో ఒక్క విడతలోనే 14 లోపాలను ప్రకటించాడు. దొంగకంటె ముందు కాపలాదారే దొంగవేషం వేసి చూశాడన్నమాట!

1565 తరువాత విజయనగర రాజులకు ఆశ్రయమిచ్చిన పెనుకొండ పక్కన 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నవి. ఈనాటి కారులో బ్రేకు సంగతులు చూసేదీ కంప్యూటరే. అందుకే కార్ల పరిశ్రమలో కంట్రోలు పెట్టెను బల్లమీద ఉంచి, చక్రాల వేగం, బ్రేకు నొక్కుడు తెలిపే సంకేతాలను మరొక కంప్యూటరుచేత పుట్టిస్తారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక తీగ తెగితే ఏమవుతుందో, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా తెలుసుకుంటారు.

అయితే బూటకంతోనే పని పూర్తికాదు. మీట కింద చేరిన దుమ్ము, అరిగిన స్ప్రింగు, వదులైన తీగ ప్రోగ్రాం చెప్పే మాటల్లో ఉండవు. చివరకు అసలు పరికరాన్నీ అసలు వేలితో నొక్కి చూడవలసిందే. కాని అప్పటికి దుబాసీ తప్పులు చాలావరకు దిద్దివుంటాయి. నేసిన పట్టును విప్పడంకంటె, నేయకముందే అట్టలు సరిచూసుకోవడం మేలు కదా!